పాలు ముట్టని చెయ్యి

మా ఊరికి సర్పంచ్‌ని నేనే అయినా, మూడేళ్ళూ ఆగస్టు పదిహేను నాడు జెండా తాడు లాగింది మా ఆయన వీరభద్ర. సీటు ఆడవాళ్ళకు వచ్చింది కాబట్టి నాగలత అని నా పేరు రాయించారు. నేను పట్టుచీర కట్టుకుని పక్కన నిలబడి, ఫోటోలో పడేటట్టు తాడుకు రెండు వేళ్ళు ఆనించేదాన్ని. ముడి వీడి పైనుంచి చామంతి రేకులు తలమీద రాలేటప్పుడు మాత్రం నా చిన్నప్పటి బడి గుర్తొచ్చేది. డెబ్భై అయిదేళ్ళ పండగ జరిగినప్పుడు మా ఆయనా, మా మరిది పరమేషూ ఒకే నిచ్చెన మోసుకుంటూ ఊళ్ళో ఇంటింటికీ జెండా కట్టి వచ్చారు. ఆ రోజు ఇద్దరికీ ఒకే పళ్ళెంలో బొరుగుల ఉగ్గాని పెట్టాను.

తర్వాత రెండేళ్ళకు అసెంబ్లీ ఎన్నికలు వచ్చాయి. పోలింగ్ ముందర పరమేష్ అవతలి పార్టీలో చేరాడు. జూన్‌లో ఓట్లు లెక్కపెట్టారు. అవతలి పార్టీ గెలిచింది.

ఆ మధ్యాహ్నం నేను జొన్నరొట్టెలు తడుతున్నాను. మాది ఒకే ఇల్లు, ఒకే వాకిలి, రెండు పొయ్యిలు. పరమేష్ మెడ నిండా రంగు పూసుకుని వచ్చి, మా గడప ముందర టపాకాయల సరం పరిచాడు.

“వదినా, చెవులు మూసుకో!”

మా ఆయన లోపలినుంచి వచ్చాడు. “నా గడప ముందర పేలుస్తావేమిరా?”

“నీ గడప యాడిదన్నా? నాయన కట్టిన గడప. సగం నాది. నా సగంలోనే పేలుస్తాండా.”

వాడి వెనక ఉన్నవాళ్ళు విరగబడి నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. మా ఆయన ముఖం చూసి మింగేశాను. సరం పేలింది. పొయ్యి మీది రొట్టె మాడిపోయింది.

సాయంత్రానికి పంచాయతీ ఆఫీసు గోడకున్న శిలాఫలకాన్ని సమ్మెటలతో పగలగొట్టారు. చీకటి పడకముందే పరమేష్ భార్య శివజ్యోతి, నా తోడికోడలు, కొంగులో ఏదో మూట కట్టుకుని నా పొయ్యి దగ్గరికి వచ్చింది. విప్పితే రాతిముక్క. దానిమీద నా పేరు.

“కాళ్ళ కింద పడతాండాదక్కా. సూడలేక తెచ్చినా. బావకు చెప్పొద్దు.”

దాన్ని బట్టలుతికే బండ వెనక పెట్టాను.

జూలై వచ్చేసరికి నవ్వులు అయిపోయాయి. ఒక పొద్దున మా ఉల్లిగడ్డల నారుమడి మొత్తం పసుపు తిరిగి నేలకు అంటుకుపోయి ఉంది. ఎవరో గడ్డిమందు కొట్టారు. ఆ మధ్యాహ్నమే మా ఆయన పరమేష్ చేనుకు పోయి, గట్టున చుట్టిపెట్టిన డ్రిప్పు పైపులకు నిప్పు పెట్టాడు. ఆ నల్లటి పొగ మా వాకిట్లోకి కనబడింది. శివజ్యోతీ నేనూ గిన్నెలు తోముతూ ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు.

ఆ వారంలోనే ఆలూరు రోడ్డు మీద అవతలి పార్టీవాళ్ళు మా ఆయన బండి ఆపి, ఆయన్ను కొట్టారు. ఎడమచేతి వేళ్ళు రెండు విరిగాయి. రుమాలు చుట్టుకుని ఇంటికి వచ్చి, మంచం మీద కూర్చుని, “నీళ్ళు తే” అన్నాడు. చెంబు అందిస్తూ, “ఇంగ చాలు. సర్పంచు వద్దు, ఏమొద్దు. రాజీనామా ఇస్తా” అన్నాను.

విరగని చేత్తో కొట్టాడు. చెంబు పోయి గోడకు తగిలింది.

“నువ్వెవురే ఇచ్చేదానికి? అది నాది.”

మా అత్త గిడ్డమ్మ చెంబు తీసి, దొర్లిన నీళ్ళు గోనెపట్టాతో అద్దింది. నా చెంప మీద కొంచెం వెన్న రాసింది.

ఆగస్టు మొదలయ్యాక ఊళ్ళో ఒకే మాట. ఈసారి జెండా ఎవరు ఎక్కిస్తారు? చట్టం ప్రకారం సర్పంచే ఎక్కించాలి. కానీ గెలిచినవాళ్ళు పరమేషే ఎక్కిస్తాడని అందరికీ చెప్పేశారు. సెక్రటరీకి ఫోన్ చేస్తే, “రూలు మీదేనమ్మా, ఊరు మాత్రం వాళ్ళది. నేను ఆ పొద్దు సెలవులో ఉంటా” అన్నాడు.

పరమేష్ నేరుగా నా పొయ్యి దగ్గరికే వచ్చి పీటమీద కూర్చున్నాడు. “వదినా, ఆ పొద్దు జరమొచ్చిందని పండుకో. నేను కట్టిస్తా, లాగుతా, మిఠాయి పంచుతా. నీకు రెండు లడ్లు పంపిస్తా.”

“మూడేండ్లు మీ అన్న లాగినప్పుడు యాడుంటివి?”

“పక్కనే ఉంటి. నీ మాదిరే.” పీట పొయ్యి దగ్గరికి జరుపుకున్నాడు. “నీమీద నాకేం లేదు వదినా. నా పెండ్లికి తల రుద్దినదానివి నువ్వు. అన్న మాత్రం రాగూడదు. వస్తే మావోళ్ళు ఇడిసిపెట్టరు.”

అదే మాట మా ఆయనకు చెప్పాను. ఆయన మూడేళ్ళలో ఎన్నడూ అనని మాట అన్నాడు.

“ఈ తూరి నువ్వే లాగల్ల.”

నన్ను ముందర పెడుతున్నాడని నాకు తెలుసు. ఆడమనిషి మీద వాళ్ళు చెయ్యెత్తలేరు, తాడు మా ఇంటి చేతిలోనే ఉంటుంది, అదీ లెక్క. అది తెలిసి కూడా ఆ రాత్రి పడుకుంటే నాకు తాడు కనబడింది. రెండు చేతులతో లాగితే ఎట్లా ఉంటుందో అనిపించింది. ఊరంతా ఇట్లా మండుతుంటే జెండా పండగేంటి అనీ అనిపించింది. రెండూ నిజమే.

దారి చూపింది మా అత్త.

మా వైపు దసరానాడు గుడి ఉన్న కొండగట్టు మీద బన్ని జరుగుతుంది. గట్టు చుట్టూ ఉన్న ఊళ్ళవాళ్ళు ఇనుప రింగులు తొడిగిన కట్టెలు పట్టుకుని, దేవుడి విగ్రహాల కోసం తలపడతారు. తలలు పగులుతాయి. బండారు, అంటే దేవుడి పసుపు, గాయంలో అద్దుకుని ఇళ్ళకు పోతారు. దానికి ముందు ఊళ్ళ పెద్దలంతా పాల గిన్నె చుట్టూ కూర్చుని, పాలు ముట్టి బాస చేస్తారు. ఆ బాస తప్పితే ఇల్లు నిలవదని మా నమ్మకం.

“పాలు ముట్టినందుకే గదా అన్ని ఊర్లూ పగలు మరిసి ఒగ తావ నడుస్తాండేది,” అంది అత్త. “నా కొడుకులు గూడా ముట్టల్ల. జెండా పొద్దు ఒగరిమీద ఒగరు పగ పెట్టుకునేది లేదని చెప్పల్ల.”

పద్నాలుగో తేదీ సాయంత్రం పెద్దమనిషి ఉరుకుందప్పను పిలిపించింది. వాకిట్లో చాప పరిచి, తన బర్రె పాలే కంచు గిన్నెలో పోసి పెట్టింది. రెండు వైపుల మగవాళ్ళూ వచ్చారు. శివజ్యోతీ నేనూ పక్కకు వచ్చి నిలబడితే ఉరుకుందప్ప చెయ్యి అడ్డం పెట్టాడు.

“ఆడోళ్ళు ముట్టగూడదమ్మా. లోపలికి పోండి.”

తలుపు చాటునుంచే చూశాం. మా ఆయన కట్టుకట్టిన వేళ్ళు కాకుండా కుడిచేయి ముంచాడు. తర్వాత పరమేష్. రేపటి దినం ఎవరిమీదా పగ పెట్టుకునేది లేదని ఇద్దరూ అన్నారు. అత్త కళ్ళు తుడుచుకుంది. శివజ్యోతి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ పూట రెండు పొయ్యిల మీదా ఒకే వంకాయ పులుసు ఉడికింది.

తిన్నాక మా ఆయన నిచ్చెన వేసుకుని అటక ఎక్కాడు. దసరాకు తప్ప దించని కట్టెలు కిందికి వచ్చాయి. గుడ్డపేలిక ఆముదంలో ముంచి ఒక్కొక్కదానికే రుద్దడం మొదలుపెట్టాడు. గోడ అవతల పరమేష్ వైపునుంచి కూడా అదే ఆముదం వాసన వస్తోంది.

“ఏమిటికివి?” అన్నాను. “ఇప్పుడే గదా పాలు ముట్టింది!”

“అందుకే దించినా.” ఇనుప రింగును వేలితో తిప్పి చూశాడు. “పాలు ముట్టినాంక బన్నిలో ఏమైతుంది? ఎవురి కట్టె ఎవురికి తగిలినా కేసుండదు, పంచాయితీ ఉండదు, మనసులో పెట్టుకునేది ఉండదు. రేపూ అంతే.”

అత్త నడవలో వక్కలు కత్తిరిస్తోంది. అడకత్తెర ఆగిపోయింది.

“నేను చెప్పింది కొట్టుకోమని కాదురా వీరా.”

“పాలు ముట్టినాంక నీ మాటొకటి, నా మాటొకటి ఉండదమ్మా. బాస బాసే.”

అత్త లేచి గోడ అవతలికి పోయింది. పరమేష్‌తో ఏం మాట్లాడిందో వినబడలేదు. తిరిగివచ్చి, వక్కలు అట్లాగే వదిలేసి పడుకుంది.

తెల్లవారింది. నేను పోకపోతే ఆయన పోతాడు. ఆయన పోతే మొదటి దెబ్బ తాడు దగ్గరే పడుతుంది. తాడు నా చేతిలో ఉంటే ఎవరూ కట్టె ఎత్తరనుకున్నాను. పట్టుచీర కట్టుకోలేదు. చేనుకు కట్టుకునే నూలుచీర కట్టుకుని పోయాను.

పంచాయతీ ఆఫీసు ముందర, ఊరికి నీళ్ళు వదిలే ఏసేపు జెండాలో చామంతి రేకులు పెట్టి, మూట మాదిరి చుట్టి, తాడుకు కట్టి ఉంచాడు. నన్ను చూసి, “లాగమ్మా, బిన్నా లాగు, గలాటా కాకముందే నేను పోతా” అన్నాడు. మైకులో దేశభక్తి పాటలు. ఒక పక్క పరమేష్ మనుషులు, ఇంకో పక్క మావాళ్ళు. అందరి చేతుల్లోనూ ఆముదం తాగిన కట్టెలు మెరుస్తున్నాయి. పోలీసులు ఇద్దరే వచ్చారు. గుంపును చూసి ఫోన్లు చేసుకుంటున్నారు. మా ఆయన కనబడలేదు. నన్నే లాగమన్న మాట మీద నిలబడ్డాడనుకున్నాను.

తాడు అందుకుని లాగాను. మూట కదిలింది. అరచేతుల్లో తాడు గరగరమంటూ జారింది. నిజం చెప్తున్నాను, ఆ నాలుగు లాగుళ్ళూ నాకు చాలా సంతోషంగా ఉండింది. చుట్టూ ఎవరున్నారో మరిచిపోయాను.

పరమేష్ తన కట్టెను జెండా దిమ్మెకు ఆనించి పెట్టి, దిమ్మె ఎక్కాడు. నా చేతుల పైన తాడు పట్టుకున్నాడు.

“వదినా, ఇడువు.”

“ఇడవను.”

“ఇడువు వదినా. నలుగురి ముందర నన్ను తక్కువ చేయొద్దు.”

“మీ అన్న ఇడవమన్నా ఇడవను పరమేశా. పట్టుకోవాలంటే పట్టుకో. ఇద్దరం లాగుదాం.”

వాడు నా వైపు చూశాడు. ఒప్పుకుంటాడనే అనిపించింది. చిన్నగా నవ్వాడు కూడా. “నీకూ రాజకీయం వచ్చిందే వదినా” అని, చేతులు రెండూ పైకెత్తి తాడును సరిగ్గా పట్టుకున్నాడు.

అప్పుడు ఆఫీసు వెనకనుంచి మా ఆయన వచ్చాడు. పరమేష్ వీపు ఆయన వైపు ఉంది. నాకు ముఖం అటు ఉంది కాబట్టి నేను చూశాను. “యోవ్!” అని అరిచాను. కట్టె దిగింది. ఎండిన సొరకాయను బండకు కొట్టినట్టు చప్పుడు. పరమేష్ తాడు వదల్లేదు. వాడి బరువుకు తాడు నా అరచేతుల్లోనుంచి కోసుకుంటూ పోయింది. వాడు మోకాళ్ళ మీద పడ్డాక రెండోది దిగింది. రింగు చెవి పక్కన తగిలింది. నా చీర మీద, దిమ్మె మీది ముగ్గు మీద రక్తం చిమ్మింది.

ఆ తర్వాత రెండు గుంపులూ కలిసిపోయాయి. ఎవరు ఎవరిని కొడుతున్నారో తెలియదు. దసరాకు మాదిరే కేకలు. పళ్ళు రాలినవాడొకడు నోరు పట్టుకుని మైకు స్తంభానికి ఆనుకున్నాడు. పాట ఆగలేదు. నేను పరమేష్ మీద పడి బోర్లా పడుకున్నాను. నా వీపు మీద ఒక దెబ్బ తగిలింది. ఎవరిదో ఇప్పటికీ తెలియదు.

అంబులెన్సు వచ్చేలోపల అత్త పరుగున వచ్చి పరమేష్ గాయంలో బండారు అద్దింది. పసుపు ఎర్రగా నానిపోయింది. ఆలూరులో చూసి ఆదోనికి పొమ్మన్నారు, ఆదోనిలో కర్నూలుకు పొమ్మన్నారు. బండిలో శివజ్యోతి మొగుడి పాదాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఏడవలేదు. దారి పొడుగునా ఆటోలకు, బైకులకు జెండాలు. కర్నూలు వీధుల్లో జనం చిన్న కాగితం జెండాలు చొక్కాలకు గుచ్చుకుని ఐస్‌క్రీములు తింటున్నారు. వాళ్ళమీద నాకు కోపం రాలేదు. వాళ్ళ మధ్య నిలబడి నేనూ తినగలిగితే బాగుండుననిపించింది.

పెద్దాసుపత్రిలో పరమేష్‌ను లోపలికి తీసుకుపోయారు. అక్కడ ఉండే హెడ్డు కానిస్టేబుల్ బల్ల దగ్గరికి పిలిచాడు.

“ఎట్ల తగిలిందమ్మా?”

శివజ్యోతి నేల చూస్తూ, “ట్రాక్టరు మీంచి పడినాడు సార్” అంది.

ఆయన నా చీర మీది రక్తం, పసుపు చూశాడు. “ట్రాక్టరు మీంచి పడితే బండారు పూస్తారా? నాదీ మీ పక్కే. గెలిచినోళ్ళ లీడరు బయలుదేరినాడంట. ఆయనొస్తే ఓడినోళ్ళ వీధి మొత్తం పేర్లు రాయిస్తాడు. ఊర్లో లేనోడి పేరు గూడా. మీరు చెప్పేదేదో ముందే చెప్పండి.”

అత్త శివజ్యోతి భుజం గట్టిగా నొక్కింది. “పడినాడంతే అప్పా. మా ఇంట్లో పాలు ముట్టినారు. బాస తప్పితే లోపలుండే నా బిడ్డ పాణం నిలవదు.”

“ఔనక్కా,” అంది శివజ్యోతి నా వైపు తిరిగి. “ఆయన గూడా ముట్టినాడు. నేను చెప్తే ఆయనకే తగులుతాది. నేను చెప్పలేను.”

నా అరచేతులు మండుతున్నాయి. చర్మం లేచిపోయి, తాడు నూలుపోగులు మాంసానికి అంటుకుని ఉన్నాయి. నిన్నటి సాయంత్రం తలుపు చాటునుంచి చూసిన కంచు గిన్నె గుర్తొచ్చింది. అడ్డంగా పెట్టిన ఉరుకుందప్ప చెయ్యి కూడా.

“అత్తా, పాలు ముట్టింది వాళ్ళు. నన్ను ముట్టనియ్యలేదు.”

“నాగలతా, గమ్మునుండు.”

“రాసుకోండి సార్,” అన్నాను. “మా ఆయన కొట్టినాడు. లోపలుండే ఈయప్ప ఆయన తమ్ముడు. వెనకనుంచి కొట్టినాడు. రెండు దెబ్బలు. అప్పుడు ఈయప్ప చేతుల్లో కట్టె లేదు. జెండా తాడుండాది. ఇంకో కొస నేను పట్టుకోనుంటి.”

“ఇంకెవరన్నా కొట్టినారా?”

“ఈయప్పను ఇంకెవరూ కొట్టలేదు. వీధిలోవాళ్ళ పేర్లు రాయొద్దు.”

ఆయన పెన్ను ఎత్తి పట్టుకున్నాడు. “నీ పేరు?”

“నాగలత.”

“ఏం చేస్తావు?”

“సర్పంచ్‌ని.”

అత్త అక్కడే నేలమీద కూలబడి, నా కాళ్ళ మీద తన తల కొట్టుకుంది. నేను వంగి లేపబోతే చెయ్యి విదిలించింది.

పరమేష్ బతికాడు. మాట రాలేదు, కుడి పక్క పడిపోయింది. మా ఆయనను పోలీసులు ఆదోని దగ్గర పట్టుకున్నారు. జైలుకు పోతూ నన్ను చూడనని కబురు పెట్టాడు. మా వీధివాళ్ళు నన్ను ఇల్లు కూల్చిన ఆడదన్నారు. నావల్లే తమ పేర్లు రాకుండా పోయాయని ఒక్కరూ అనలేదు.

ఆసుపత్రినుంచి నేను ఊరికి వచ్చిన రోజు జెండా ఇంకా స్తంభం సగంలోనే ఉంది. తాడు పైన ఇరుక్కుని, విప్పని మూట వానకు తడిసి వేలాడుతోంది. ఏ పార్టీవాళ్ళు దించినా రెండోవాళ్ళు తప్పు పడతారని ఎవరూ ముట్టుకోలేదు. కట్టుకట్టిన చేతులతోనే తాడు వదులు చేసి దించాను. ముడి విప్పితే రేకులు కుళ్ళి ముద్దయి ఉన్నాయి. తెలుపు మీద గోధుమరంగు మరక. దులిపి, మడిచి, ఆఫీసు బీరువాలో పెట్టాను. ఆ బీరువా తాళం మూడేళ్ళలో మొదటిసారి నా దగ్గరికి వచ్చింది.

దసరా ముందర ఉరుకుందప్ప, ఇంకో ఇద్దరు పెద్దలు మా వాకిట్లోకి వచ్చారు. పాల గిన్నెలోకి ప్రతి ఇంటినుంచీ కొన్ని పాలు పోయాలి. అప్పటికి అత్త నాతో మాట్లాడి రెండు నెలలు కావస్తోంది. నేను పొయ్యి దగ్గర ఉన్నాను. శివజ్యోతి పరమేష్‌ను దిండుకు ఆనించి కూర్చోబెడుతోంది. అత్త చెంబు పట్టుకుని బయటికి పోయింది. గడప మీదే నిలబడింది.

“మా ఇంట్లో పాలు తాగేదానికి ఉండాయప్పా. ముట్టేదానికి లేవు.”

ఉరుకుందప్ప ఏదో అనబోయాడు. అత్త తలుపు దగ్గరికి వేసింది.

లోపలికి వచ్చి పాలు కాచి, చల్లార్చి, కొడుకు పక్కన కూర్చుని చెంచాతో నోట్లో పోసింది. సగం లోపలికి పోయాయి, సగం పెదవి చివరనుంచి కారాయి. తుడవడానికి చుట్టూ వెతికింది. ఏమీ దొరకలేదు. పక్కన వంగి ఉన్న నా కొంగు లాక్కుని వాడి గడ్డం తుడిచింది. నా ముఖం చూడలేదు. కొంగు మాత్రం వదలకుండా, రెండో చెంచా నింపింది.